బలిపీఠం కన్నా ముందు ఎదురింటి గడప

ఆదివారం వచ్చిందంటే మన ఆడవాళ్ళకి ఎంత హడావుడో చెప్పక్కర్లేదు. తెల్లారకముందే లేచి నీళ్ళు పట్టుకోవాలి, టిఫిను చెయ్యాలి, పిల్లలకి తలంట్లు పొయ్యాలి, మధ్యాహ్నానికి కూర వండి మూత పెట్టాలి. ఇన్నీ అయ్యాక ఇస్త్రీ చీర కట్టుకుని, బైబిలూ పాటల పుస్తకమూ సంచిలో పెట్టుకుని, గంట కొట్టే వేళకి చర్చిలో కూర్చుంటాం. దాంతో మన ఆరాధన పూర్తయినట్టే అనుకుంటాం. నేనూ ఏళ్ళ తరబడి అలాగే అనుకున్నాను.

మేముండేది హైదరాబాదు, మాణికేశ్వర్ నగర్‌లో. ఉస్మానియా యూనివర్సిటీని ఆనుకుని, తార్నాకకి దగ్గర. వడ్డెర బస్తీ అంటే పాతవాళ్ళకి బాగా తెలుస్తుంది. ఇరుకు గల్లీలు, గోడకి గోడ ఇళ్ళు. ఒకింట్లో ఎండుమిరపకాయల పోపు పెడితే నాలుగిళ్ళలో తుమ్ములు! ఇలాంటి చోట ఎదురింటివాళ్ళ మీద కసి పెట్టుకుని బతకడం ఎంత కష్టమో మీరే ఊహించండి. నేను రెండేళ్ళు అలా బతికాను.

పద్దెనిమిది వేల అప్పు

మా ఎదురింటి వదిన వాళ్ళదీ మా చర్చే. ఆవిడ కూతురి కాలేజీ ఫీజు కోసం నా చిట్టీ డబ్బులోంచి పద్దెనిమిది వేలు అప్పిచ్చాను. ఆర్నెల్లలో ఇస్తానంది. ఏడాదైనా పదివేలే చేతికొచ్చాయి. ఒకరోజు నల్లా దగ్గర, అందరూ బిందెలు పెట్టుకుని నిలబడి వుండగా, "అప్పు తీర్చలేనివాళ్ళకి కాలేజీ చదువులెందుకు?" అనేశాను. ఆవిడ సగం నిండిన బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ మాటల్లేవు.

చర్చిలో మాత్రం ఒకే చాప. ఆవిడ ఆ చివర, నేను ఈ చివర. పాట ఎత్తుకునేది నేనే. గొంతు బాగుందని అందరూ మెచ్చుకునేవారు. ఆవిడ పాడుతుంటే నాకు ఒళ్ళు మండేది. అప్పు ఎగ్గొట్టి స్తుతులు పాడుతోంది చూడు అనుకునేదాన్ని. నా పాట వింటూ ఆవిడేమనుకునేదో నాకు తట్టనే లేదు.

ఒక సంస్కారపు ఆదివారం అయ్యగారు మత్తయి సువార్త అయిదో అధ్యాయం చదివారు. కానుక తీసుకుని బలిపీఠం దాకా వచ్చాక, మన మీద ఎవరికైనా మనస్తాపం వుందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్ళి వాళ్ళతో సమాధానపడి రమ్మని ప్రభువు చెప్పిన భాగం అది. చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కానీ ఆ రోజే ఒక సంగతి గమనించాను. అక్కడ చెప్పింది మనకి ఎవరి మీదో వున్న కోపం గురించి కాదు, మన మీద ఇంకొకరికి వున్న బాధ గురించి! నేనేమో రెండేళ్ళుగా ఆవిణ్ణి క్షమించాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. నేను క్షమాపణ అడగాలన్న ఊహే లేదు. ద్రాక్షారసపు గిన్నె నా దాకా వచ్చింది. చెయ్యి చాపలేకపోయాను.

నాలుగడుగుల దూరం

ఎదురిల్లు నాలుగడుగులే. ఆ సాయంత్రం మూడుసార్లు బయల్దేరి మూడుసార్లూ వెనక్కొచ్చాను. నాలుగోసారి వెళ్ళి, ఏ సంజాయిషీ లేకుండా, "వదినా, నల్లా దగ్గర నేనన్న మాట తప్పు. నన్ను క్షమించు" అన్నాను. ఆవిడ పొంగబోతున్న పాలు దించి వచ్చి, "డబ్బు ఇవ్వలేదన్న సిగ్గు నాకు రోజూ వుంది. కానీ ఆ మాట మా అమ్మాయి కూడా విన్నది. వారం రోజులు కాలేజీకి పోనంది" అంది. నాకు ఆ సంగతే తెలియదు! ఆ పిల్లని పిలిచి తననీ క్షమాపణ అడిగాను.

ఆ రోజు ఆవిడ నన్ను కూర్చోమనలేదు. కానీ పదిరోజుల తర్వాత నల్లా దగ్గర తనే నా బిందె ముందుకి జరిపింది. నేను మిగిలిన ఎనిమిది వేలూ పుస్తకంలో కొట్టేశాను. ఆవిడ మాత్రం నెలకి ఐదొందల చొప్పున తెచ్చిచ్చి మొత్తం తీర్చింది.

మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో అప్పుల ఉపమానం వుంది కదా! దేనారమంటే ఆ కాలంలో కూలివాడి ఒకరోజు కూలి. తలాంతు అంటే సుమారు ఆరువేల దేనారాలు. రాజు ఆ దాసుడికి మాఫీ చేసింది పదివేల తలాంతులు. లెక్క వేస్తే ఆరు కోట్ల రోజుల కూలి! ఆ దాసుడే బయటికొచ్చి నూరు దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకున్నాడు. నూరు రోజుల కూలి తక్కువేం కాదు. మనకి జరిగిన నష్టమూ చిన్నదేం కాకపోవచ్చు. దేవుడు మనకి మాఫీ చేసింది అంతకన్నా ఎంత పెద్దదో గుర్తుపెట్టుకోమనే ఈ కథ.

మాకు దగ్గర్లోనే గోల్కొండ క్రాస్ రోడ్స్‌లో హెబ్రోను మందిరం వుంది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన భక్త్ సింగ్ గారు 1950లో మొదలుపెట్టారు. 2000లో ఆయన కన్నుమూశారు. చాపల మీద కూర్చుని ఆరాధన చెయ్యడం, తర్వాత అందరూ కలిసి ప్రేమ విందు తినడం ఆయన అలవాటు చేసిన పద్ధతులు. పక్కన కూర్చున్న మనిషితో మాటల్లేకపోతే ఆ ముద్ద గొంతు దిగుతుందా చెప్పండి?

క్షమించడమంటే భరించడం కాదు

నాది చిన్న తగాదా. తీరని నష్టం జరిగినవాళ్ళ మాటేమిటని మీరడగొచ్చు. మన పొరుగున ఒడిశాలో, 1999 జనవరి 22 రాత్రి మనోహర్‌పూర్ గ్రామంలో, కుష్ఠు రోగులకి సేవ చేసే గ్రాహం స్టెయిన్స్ గారినీ, పదేళ్ళ ఫిలిప్‌నీ, ఆరేళ్ళ తిమోతినీ జీపులో నిద్రపోతుండగా తగలబెట్టారు. భార్య గ్లాడిస్ గారు హంతకుల్ని క్షమించానన్నారు. కూతురితో అక్కడే వుండి ఆ రోగుల సేవ కొనసాగించారు. 2005లో ఆవిడకి పద్మశ్రీ ఇచ్చారు. అయినా చట్టం ఆగలేదు. ముఖ్య దోషికి పడిన యావజ్జీవ శిక్షని 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. మనసులో పగ వదిలెయ్యడం వేరు, చేసిన నేరానికి శిక్ష వేరు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, తాగొచ్చి కొట్టే మొగుణ్ణి క్షమించమని చెప్పి ఆడదాని నోరు నొక్కేవాళ్ళు వున్నారు. క్షమించడమంటే దెబ్బలు తింటూ పడివుండటం కాదమ్మా! 2005 నాటి గృహహింస చట్టం మన కోసమే వుంది. 181కి ఫోన్ చెయ్యడం పాపం కాదు.

నిజమైన ఆరాధన ఫలానా కొండ మీదో ఫలానా ఊళ్ళోనో అన్నదాంట్లో లేదనీ, మనసులోని నిజాయితీలో వుందనీ ప్రభువు చెప్పింది పెద్ద పండితులకి కాదు. మధ్యాహ్నపు ఎండలో కుండ పట్టుకుని బావికొచ్చిన సమరయ స్త్రీకి! అందుకే వచ్చే ఆదివారం చర్చికి బయల్దేరేముందు ఒక్క నిమిషం ఆగి, మీరు ముందుగా ఎవరి గడప తొక్కాలో ఆలోచించండి. మొదటి మాట మీరే అనండి. అవతలివాళ్ళు వెంటనే నవ్వకపోయినా ఫరవాలేదు. పాట అప్పుడు ఎంత తేలిగ్గా వస్తుందో మీకే తెలుస్తుంది.