నిర్భీక్: అరకిలో అభయం

‘తుపాకి’ అచ్చ తెలుగు మాట కాదు. తురుష్కుల ‘తుఫెక్’ మారుతూ మారుతూ మన నిఘంటువులకెక్కింది. ఉర్దూలోని ‘తమంచా’ కూడ ఆ దిక్కు నుండి వచ్చినదే. ఈ జాతిలో అతి పొట్టిదైన రివాల్వరును గూర్చి, అది స్త్రీల రక్షణకై మన దేశంలో ధరించిన రూపాన్ని గూర్చి ఇక్కడ ముచ్చటింపదలచినాము.

1927లో అమెరికాలోని కోల్టు కంపెనీ రెండంగుళాల గొట్టంతో ‘డిటెక్టివ్ స్పెషల్’ను తయారుచేసింది. సాధారణ దుస్తులలో తిరిగే పోలీసు జేబులో ఇమడడమే దాని ప్రత్యేకత. 1950ల తొలినాళ్ళలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ ఉక్కు చట్రానికి బదులు అల్యూమినియపు మిశ్రమలోహాన్ని వాడి బరువును ఇంకా తగ్గించింది. ఒక తూటా పేలకున్నచో మీటను మరల నొక్కితే చాలు, తరువాతి తూటా ఎదుటికి వస్తుంది. దీనిపై మోజుకు ఈ సులువే ముఖ్యకారణం. డిటెక్టివ్ నవలల అట్టబొమ్మలు చేసిన ప్రచారం సరేసరి!

2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరం తరువాత, 2014 జనవరిలో కాన్పూరులోని ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ ‘నిర్భీక్’ను వెలువరించింది. ‘నిర్భయ’కు అది పర్యాయపదం. టైటానియం మిశ్రమలోహం, .32 బోరు, సుమారు అరకిలో బరువు. చేతిసంచిలో ఇముడుతుంది గనుక స్త్రీలకు అనువైనదన్నారు. నాటి ధర 1,22,360 రూపాయలు. మన కళాశాలకు పిల్లలను పంపే ఇళ్ళలో ఆ మొత్తమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు.

తేలికైనది మోయుటకు సులువే, కాని కాల్చుటకు కాదు. 1893 నాటి రైల్వే కర్మాగారం నీడన పెరిగిన లాలాగూడ వారికి షంటింగు క్రొత్త కాదు. ఒకే తాకిడికి నిండు వ్యాగను కొద్దిగా కదిలితే, ఖాళీ వ్యాగను చాల దూరం పోతుంది. తూటా ముందుకు పోవునప్పుడు రివాల్వరు వెనుకకు తన్నుటలోనూ అదే సూత్రం: ఆయుధమెంత తేలికో తన్ను అంత తీవ్రం. గొట్టం పొట్టిదైతే గురి కూడ చెదురుతుంది. గురిచూచు గుర్తుల మధ్య ఎడం పది సెంటీమీటర్లయితే, ఒక మిల్లీమీటరు తేడా ఏడు మీటర్ల దూరాన ఏడు సెంటీమీటర్లవుతుంది. వణకుతున్న చేతిలో ఆ తేడా ఒక మిల్లీమీటరుతో ఆగునా? కనుక ఈ ఆయుధానికి సాధన చాల అవసరం. ఆ సాధనకు తూటాల ఖర్చు వేరు.

లైసెన్సు సంగతి మరొకటి. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏండ్లు నిండనివారికి అది దొరకదు. మన విద్యార్థినులలో పెక్కుమంది ఆ వయస్సుకు లోపే.

అన్నిటికన్న పెద్ద చిక్కు గురిలో లేదు. అత్యాచారపు కేసులలో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలు ఎరిగినవారేనని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు చెబుతున్నవి. బంధువో, పొరుగువాడో, పెళ్ళి మాట ఇచ్చినవాడో గుమ్మం దాటి లోనికి వచ్చునప్పుడు ఆమె చేతిసంచి ఏ కొక్కేనికో వ్రేలాడుతూ ఉంటుంది.