రూపాయి మారకమును ముందుగా చెప్పవచ్చునా?

పరదేశపు ధనమునకు మన రూపాయి రేపెంతకు మారునో నేడే యెఱుగుట సాధ్యమా యనునది నేటి ప్రసంగ విషయము. బిడ్డలను అమెరికాకు చదువులకు పంపి, అప్పు తెచ్చి డాలర్లు కొనుచున్న తల్లిదండ్రులు మన పల్లెలలోను గలరు. కావున నిది పట్టణవాసుల ముచ్చట మాత్రమే కాదు. పల్లెబడిలో పిల్లలకు లెక్కలు చెప్పినవాడను గనుక, నాకు తెలిసినంత విప్పి చెప్పెదను.

మారకము మన దంతాలపల్లి ప్రాంతమునకు క్రొత్త కాదు. నిజాం పాలనలో నిచట హాలి సిక్కా చెల్లెడిది. బెజవాడకు పోవువారికి కల్దారు రూపాయలు కావలసి యుండెడివి. దాదాపు 7 హాలి రూపాయలకు 6 కల్దారులు. 1950లో భారత రూపాయి వచ్చినప్పుడును అదియే లెక్క. 1959లో హాలి నాణెము రద్దయ్యెను. సర్కారు నిలిపిన ధరకు జోస్యము అక్కఱలేదు. కాని సర్కారే దానిని మార్చవచ్చును. 1966 జూన్ 6వ తేదీన డాలరు ధర 4 రూపాయల 76 పైసలనుండి ఒక్కసారిగా 7 రూపాయల 50 పైసలాయెను. 1993నుండి మారకమును ముఖ్యముగా బజారే నిర్ణయించుచున్నది.

అర్థశాస్త్రజ్ఞులు రెండు దేశముల ధరలను, వడ్డీలను, చెలామణిలోని ధనమును సమీకరణములలో కూర్చి రేపటి మారకమును గణింతురు. 1983లో మీస్, రోగాఫ్ అను పండితులు అట్టి గణితములను పరీక్షించిరి. ఏడాదిలోపు కాలమునకు, “నేటి ధరయే రేపును ఉండును” అను సామాన్యపు ఊహకంటె అవి మేలుగా చెప్పలేకపోయెను.

కారణమేమి? వరంగల్లు మార్కెట్టులో మిరప పంట తగ్గెనని తెలిసిన క్షణముననే ధర పెరుగును. ఆ వార్తయే మఱునాడు మరల ధరను పెంచదు. మారకమును అంతే. తెలిసినదంతయు నేటి ధరలోనే యిమిడియున్నది. రేపు దానిని కదల్చునది నేడు తెలియని వార్త. పొగను చూచి నిప్పును ఊహింతుము. వానికి విడువని సంబంధము కలదు. తర్కమున దీనినే వ్యాప్తి యందురు. నేటి లెక్కలకును రేపటి మారకమునకును అట్టి వ్యాప్తి లేదు.

అట్లని శాస్త్రము వ్యర్థము కాదు. మన ధరలు పరదేశపు ధరలకంటె ఏండ్ల తరబడి వేగముగా పెరిగినచో రూపాయి క్రమముగా తగ్గునని అది చెప్పును. వానకాలమున చెఱువులోనికి నీరు వచ్చునని చెప్పవచ్చును. ఏనాటి సాయంకాలమున అలుగు పాఱునో చెప్పలేము.

కావున డాలరు దిగునని ఫీజు గడువు దాక వేచియుండుటయు, పెరుగునని అప్పు తెచ్చి నిలువ చేయుటయు జూదములే. కట్టవలసిన సొమ్మును విడతలుగా మార్చుకొనుడు. కొంత అధికముగా చేతనుంచుకొనుడు. రేపటి ధరను నిశ్చయముగా చెప్పెదనను వానికి మాత్రము మీ భూమి పత్రములను అప్పగింపకుడు.