బెల్మాంట్ మఠం, అధ్యాపకుల బీమా

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, షార్లెట్ నగరానికి చేరువన బెల్మాంట్ అనే చిన్న పట్టణం ఉన్నది. అక్కడి బెనెడిక్టైన్ సన్యాసుల చర్చిలో జ్ఞానస్నానపు తొట్టి ఒక గ్రానైట్ రాయి. ఒకనాడు బానిసలను ఆ రాతిపై నిలబెట్టి వేలం వేసేవారట. ఆ మాటను మఠంవారు దాచలేదు. రాతికి ఫలకం అమర్చి మరీ చెప్పుకున్నారు.

పెన్సిల్వేనియాలోని సెయింట్ విన్సెంట్ మఠం నుంచి వచ్చిన సన్యాసులు 1876లో ఇక్కడ కళాశాల స్థాపించారు. భూమి ఒక క్యాథలిక్ మతాచార్యుని దానం. చేరిన మఠాన్ని జీవితాంతం విడువరాదన్నది బెనెడిక్టైన్ల ప్రతిజ్ఞలలో ఒకటి. ప్రొటెస్టెంట్ల నడుమ, క్యాథలిక్కులు బహు స్వల్పంగా ఉన్న ప్రాంతంలో ఆ కళాశాల నిలదొక్కుకోవడానికి ఆ పట్టుదలే ఆధారమైందనుకోవాలి. 1913 నుంచి దాని పేరు బెల్మాంట్ ఆబీ కళాశాల.

2007 డిసెంబరులో ఇక్కడ ఒక వివాదం తలెత్తింది. ఉద్యోగుల ఆరోగ్య బీమాలో గర్భనిరోధక సాధనాలు, గర్భస్రావం, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల ఖర్చు చేరి ఉన్నట్లు కనుగొన్న యాజమాన్యం, అవి చర్చి బోధనకు విరుద్ధమంటూ తొలగించింది. ఎనిమిదిమంది అధ్యాపకులు సమాన ఉపాధి అవకాశాల సంఘానికి ఫిర్యాదు చేశారు. ముందు వివక్ష లేదన్న ఆ సంఘమే 2009లో మాట మార్చి, ఇది స్త్రీల పట్ల వివక్షేనన్నది.

ఇంతలో ఒబామా ప్రభుత్వ ఆరోగ్య చట్టం కింద, ఉద్యోగుల బీమాలో గర్భనిరోధక సాధనాలు ఉండి తీరాలన్న నిబంధన వచ్చింది. దానిపై 2011 నవంబరులో దావా వేసి, అందరికంటె ముందు కోర్టుకెక్కినది ఈ చిన్న కళాశాలే. తొందరపడ్డారంటూ 2012 జులైలో దిగువ న్యాయస్థానం దావా కొట్టివేసింది. నిబంధనను సవరిస్తామన్న ప్రభుత్వ హామీపై, అప్పీలు న్యాయస్థానం డిసెంబరులో వ్యవహారాన్ని నిలిపి ఉంచి, అరవై రోజులకొకసారి నివేదిక ఇమ్మన్నది. తరువాత 2017లో ట్రంప్ ప్రభుత్వం మినహాయింపును విస్తరించగా, 2020 జులైలో సుప్రీంకోర్టు దానికి అధికారం ఉన్నదన్నది.

ఢిల్లీలో కూర్చున్నవానికి ఇదంతా విన్న కథలా తోస్తుంది. 1957లో నంబూద్రిపాద్ ప్రభుత్వం తెచ్చిన కేరళ విద్యా బిల్లులోనూ ఉపాధ్యాయుల జీతం, నియామకం, ఉద్యోగ భద్రతలే ప్రధానాంశాలు. అయినా వీధుల్లో వినిపించిన నినాదం మత స్వాతంత్ర్యానిది. రాష్ట్రపతి సలహా కోరగా, పరిపాలించే హక్కులో దుష్పరిపాలన హక్కు ఇమిడి లేదని 1958లో సుప్రీంకోర్టు చెప్పింది. కాని 1974లో సెయింట్ జేవియర్స్ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, అధ్యాపకుని తొలగించాలంటే వైస్ ఛాన్సలర్ ఆమోదం కావాలన్న గుజరాత్ నిబంధన మైనారిటీ కళాశాలలకు వర్తించదన్నది. ముప్పయ్యవ అధికరణం మైనారిటీలకు రక్ష, అది ఉండవలసిందే. అయితే ఆ గోడ లోపల జీతానికి పనిచేసేవాడి మాటేమిటన్న ప్రశ్నను మన శాసనసభలు, పార్లమెంటు ఎన్నడూ ఇష్టపడి చేపట్టలేదు.

బెల్మాంట్ యాజమాన్యాన్ని కపటులనడం అన్యాయం. తాము నమ్మని దానికి డబ్బు చెల్లించబోమన్నారు. చిన్న సంస్థ అయినా కేంద్ర ప్రభుత్వాన్ని ఎదిరించారు. కాని ప్రభుత్వం ముందు బలహీనమైన ఆ కళాశాలే అధ్యాపకుని ముందు బలవంతమైనది. నమ్మినవారు, నమ్మనివారు ఒకే చోట పనిచేసే సంస్థలో యాజమాన్యపు అంతరాత్మ ఒక్కటే లెక్కకు రావడం ఈ విలేఖరికి మింగుడుపడదు.

దావా పత్రాలపై ఒక పక్క కళాశాల పేరు, మరొక పక్క ఆరోగ్య మంత్రి సెబీలియస్ పేరు ఉన్నవి. మొదట ఫిర్యాదు చేసిన ఎనిమిదిమంది అందులో కక్షిదారులు కారు.