సూర్యునికి ముఖం, గాలికి వీపు

దక్షిణ ఫ్రాన్సులోని ప్రొవెన్సు ప్రాంతంలో, ఏ చిన్న పట్టణానికి వెళ్ళినా, ఇళ్ళు అమ్మిపెట్టే వ్యాపారి దుకాణపు అద్దాల వెనుక ప్రకటనలు వరుసగా అంటించి ఉంటాయి. "ఆలివ్ తోటల నడుమ కుటుంబానికి అనువైన విల్లా, నాలుగు పడకగదులు, ఈతకొలను, ఇంధనం ఖర్చు స్వల్పం" అన్న ధోరణిలో సాగుతాయవి. ధర పక్కనే ఆకుపచ్చ నుంచి ఎరుపు వరకు ఏడు రంగుల మెట్లు, వాటిలో ఒక మెట్టుపై ఒక అక్షరం కనిపిస్తాయి. 'ఎ' ఉత్తమం, 'జి' అధమం. మన రిఫ్రిజిరేటర్ల మీద అంటించే నక్షత్రాలకు ఇది దూరపు చుట్టం. 2006 నవంబరు నుంచి ఇల్లు అమ్మేవారు ఈ యోగ్యతాపత్రం చూపించాలి. 2011 నుంచి ప్రకటనలోనే దానిని ముద్రించాలి.

వింత ఏమిటంటే, ఇంధనం పొదుపు అన్న మాట పుట్టకముందే ఆ సీమ రైతులు ఆ విద్యను గోడల్లో పెట్టి కట్టారు.

వారి ఇంటిని 'మాస్' అంటారు. దానిని అర్థం చేసుకోవాలంటే ముందు గాలిని అర్థం చేసుకోవాలి. ఉత్తరాన రోన్ నదీలోయ వెంట దూసుకువచ్చే చలిగాలికి మిస్త్రాల్ అని పేరు. దాని వేగం ఒక్కొక్కప్పుడు గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. రోజుల తరబడి వీస్తుంది. (ఆ గాలి పేరే ఇంటిపేరుగా గల కవి ఫ్రెడెరిక్ మిస్త్రాల్, 1904లో నోబెల్ బహుమతిని పంచుకున్నవాడు, 1830లో మయాన్ గ్రామం చెంత ఇటువంటి మాస్‌లోనే జన్మించాడు.) అందువల్ల మాస్ ఉత్తరానికి వీపు తిప్పి నిలబడుతుంది. ఆ వైపు గోడకు కిటికీలు ఉండవు, ఉన్నా పిడికెడంత. గాలి వచ్చే దిక్కున సైప్రస్ చెట్ల బారు కోటగోడలా కాపు కాస్తుంది. కిటికీలూ వాకిలీ దక్షిణపు ఎండకు తెరుచుకుంటాయి. వాకిట్లో మన కాశ్మీరపు చినారుకు జ్ఞాతి అయిన ప్లేన్ వృక్షాలుంటాయి. వేసవిలో దట్టంగా నీడనిచ్చి, చలికాలంలో ఆకులు రాల్చి, సూర్యుణ్ణి ఇంట్లోకి పంపుతాయి.

గోడలు రాతివి, అర మీటరుకు పైబడిన మందం. పగటి ఎండ అంత రాతిని దాటి లోపలికి చేరేసరికి రాత్రి పడుతుంది. అప్పటికి బయట చల్లబడి ఉంటుంది కనుక కిటికీలు తెరిస్తే చాలు. ఆ ఊళ్ళ వృద్ధ స్త్రీలు పొద్దు ఎక్కగానే బయటి చెక్క రెక్కలు మూసి, చీకటి పడ్డాక తెరుస్తారు. సెలవులకు వచ్చిన ఉత్తరదేశీయులు మిట్టమధ్యాహ్నం వాటిని బార్లా తెరిచి, ఆనక ఉక్కపోత అని వాపోతారు. ఇల్లు మాత్రమే కొంటే చాలదు, దానిని వాడే తీరూ నేర్వాలి కాబోలు.

ఈ ఇళ్ళకు అంతర్జాతీయంగా గిరాకీ పెంచిన ఘనతలో కొంత 1989లో వెలువడిన 'ఎ ఇయర్ ఇన్ ప్రొవెన్స్' అన్న పుస్తకానిది. ఆంగ్ల రచయిత పీటర్ మేల్ లూబెరాన్ కొండల దిగువన పాత మాస్ కొని, నెలకొక అధ్యాయంగా ఏడాది కథ రాశాడు. చదువరులకు గుర్తుండేది విందులూ ద్రాక్షసారాయీ. కాని ఆ రాతి ఇంట్లోకి వేడి గొట్టాలు వేయించుకోవడానికి ఆ దంపతులు పడిన తిప్పలు కూడా అందులో కావలసినన్ని ఉన్నాయి. మాస్ బలహీనత అదే. వేసవిలో అది చల్లని బావి, శీతకాలంలోనూ బావే. పూర్వం రైతు కుటుంబం అంతా వంటింటి పొయ్యి చుట్టూ చేరి, మిగిలిన గదులను చలికి వదిలేసేది. నేటి కుటుంబానికి నాలుగు పడకగదులూ వెచ్చగా ఉండాలి.

ఇక్కడే అక్షరం అడ్డుపడుతుంది. పూర్వం 1948కి ముందు కట్టిన ఇళ్ళకు నిజమైన ఇంధనపు బిల్లులు చూసి గ్రేడు ఇచ్చేవారు. పొదుపరి ముసలివారి పాత ఇంటికి మంచి అక్షరమే దొరికేది. 2021 జూలై నుంచి బిల్లులు పక్కకు పోయాయి. పరీక్షకుడు గోడలు, కప్పు, కిటికీలు, పొయ్యి కొలిచి లెక్క వేస్తాడు. ఏడాదికి చదరపు మీటరుకు 70 కిలోవాట్ గంటల లోపు అయితే 'ఎ', 420 దాటితే 'జి'; వెలువడే కర్బన వాయువుకు వేరే కొలత; రెండింటిలో ఏది హీనమో అదే ఇంటి గ్రేడు. చమురుతో వేడి చేసే మాస్‌కు చివరి అక్షరాలు తప్పడం కష్టం.

తల్లిదండ్రులు గతించిన పిమ్మట ఆస్తిలో బిడ్డలందరికీ హక్కు ఉండే దేశమది. ముగ్గురు తోబుట్టువులలో ఒకరు మిగతా ఇద్దరి వాటా కొనలేకపోతే ఇల్లు అమ్మకానికి పోతుంది. లోగడ మరొక దారి ఉండేది: అద్దెకిచ్చి నిలబెట్టుకోవడం. 2025 జనవరి 1 నుంచి 'జి' ఇంటిని కొత్తగా నివాసానికి అద్దెకివ్వరాదు. 2028లో 'ఎఫ్', 2034లో 'ఇ' వంతు. అమ్మకానికి నిషేధం లేదు గాని, 2023 ఏప్రిల్ నుంచి 'ఎఫ్', 'జి' ఇళ్ళకు ఏ ఏ మరమ్మతులు కావాలో చెప్పే విపులమైన నివేదికను కూడా జతపరచాలి. బేరమాడేవాడి చేతికి అంతకంటే పదునైన కత్తి మరొకటి అక్కరలేదు.

మరమ్మతు చేయవచ్చు కదా? చేయవచ్చు, కాని రాయి మొండిది. లోపలి వైపు దూదివంటి పొర తాపితే శీతకాలపు వేడి నిలుస్తుంది. అయితే వేసవిలో గదిని చల్లబరచిన ఆ రాతి బరువు పొర అవతలే ఉండిపోతుంది. బయట తాపితే అందరూ మెచ్చే రాతిముఖం కప్పబడుతుంది. సిమెంటు పూస్తే గోడలోని చెమ్మ బయటికి పోలేక లోపల చేరుతుంది. అందుచేత తెలిసిన మేస్త్రీలు సున్నంలో నారమొక్క కాండపు తునకలు కలిపి పూస్తారు. ముందు పైకప్పు కింద పొర వేయమంటారు. అక్షరం ఒకటి రెండు మెట్లు ఎక్కవచ్చు. 'ఎ' మాత్రం సాధారణంగా కొత్త ఇంటికే.

2022లో అమలుకు వచ్చిన నిబంధనల ప్రకారం కట్టిన విల్లాకు బోలు ఇటుక గోడలు, రెండు పొరల అద్దాలు, కప్పుమీద సౌర ఫలకాలు, పెరట్లో హీట్ పంపు ఉండవచ్చు. ఈ పంపు తిరగేసిన రిఫ్రిజిరేటరు వంటిది. బయటి గాలిలోని వేడిని లోపలికి తోడి, ఒక యూనిట్ విద్యుత్తుకు ఇంచుమించు మూడు యూనిట్ల వెచ్చదనం ఇస్తుంది. మెచ్చదగిన ఇల్లే. అయితే ప్రకటనలో మెరిసే ఈతకొలను పంపు తినే విద్యుత్తు ఆ అక్షరపు లెక్కలో లేదు. రొట్టె కోసం పది కిలోమీటర్లు నడిపే కారు సరేసరి!

అక్షరం సైతం కదలని వస్తువు కాదు. విద్యుత్తు ప్రతి యూనిట్‌నూ లెక్కలో 2.3 యూనిట్లుగా కట్టే పద్ధతిని 2026 జనవరి 1న 1.9కి తగ్గించారు. విద్యుత్తుతో వేడి చేసుకునే సుమారు 8,50,000 ఇళ్ళు దీనివల్ల అధమ తరగతుల నుంచి బయటపడతాయని ప్రభుత్వ అంచనా. ఒక్క రాయి జరగలేదు. చమురుతో వేడెక్కే మాస్‌కు మాత్రం దీనితో ఒరిగిందేమీ లేదు.

మధ్యధరా తీరాన ముందు ముందు భయపెట్టేది చలి కాదు, ఎండ. 2003 ఆగస్టు వడగాలికి ఫ్రాన్సులో సుమారు 15,000 మంది మరణించారు. వారిలో అత్యధికులు వృద్ధులు. కొత్త ఇళ్ళ నిబంధనలు నాటి వడగాలి ఉష్ణోగ్రతలనే తీసుకుని, ఇల్లు వాటిని తట్టుకుంటుందా అని లెక్కగట్టిస్తాయి. పాత ఇంటి యోగ్యతాపత్రంలోనూ 'వేసవి సౌఖ్యం' అని చిన్న గడి ఒకటి ఉంది: మంచిది, మధ్యస్థం, చాలదు. చివరి అక్షరం పడ్డ రాతి మాస్‌కు ఆ గడిలో 'మంచిది' అని రావడం అరుదు కాదు. కాని ఆ గడి అక్షరాన్ని మార్చదు. వ్యాపారి అద్దం మీద కనిపించదు. కొనదలచినవాడు పూర్తి పత్రం అడిగి, పేజీలు తిప్పి, తానే వెతుక్కోవాలి.