రక్తచందనం – ఇంటి వైద్యం, అడవి రక్షణ

గృహవైద్యంలో రక్తచందనానిది విశిష్ట స్థానం. వేసవిలో చెమటకాయలకు, సెగగడ్డలకు, మొటిమలకు చిన్న చెక్కను సానపై నీటితో అరగదీసి పట్టు వేయడం మన ఇండ్లలో తరతరాల ఆచారం. చేదు, తీపి రుచులు, శీతవీర్యం కలిగిన ఈ ద్రవ్యం పిత్తాన్ని, రక్తదోషాన్ని హరిస్తుందని, నేత్రాలకు హితకరమని ఆయుర్వేదం చెప్పుచున్నది. మంచిగంధపు పరిమళం దీనికి లేదు. గుణమే దీని విలువ.

నల్లగొండ జిల్లా చిట్యాలలోని గృహిణికి ఇది అంగడి సరుకే. కాని ఈ వృక్షం సహజంగా పుట్టే తావు దక్షిణ తూర్పు కనుమలు మాత్రమే: శేషాచలం, వెలిగొండ, పాలకొండ, లంకమల. ఎర్రని చేవ పట్టడానికి పాతిక, ముప్పై ఏండ్లు కావాలి. సాన మీది ముక్క వల్ల అడవి తరగలేదు. చైనాలో ఖరీదైన బల్లలకు, కుర్చీలకు, జపానులో వాద్యాలకు ఈ చేవ కోరబడుటయే అసలు కారణం.

జీవజాతుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే ‘సైటిస్’ ఒడంబడిక రెండవ అనుబంధంలో 1995లో ఇది చేర్చబడింది. అడవి చెట్టు కలప ఎగుమతిని భారత ప్రభుత్వం నిషేధించింది. 2010లో శేషాచలం జీవావరణ పరిరక్షణ కేంద్రంగా ప్రకటింపబడింది. 2016లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టాన్ని సవరించి శిక్షలను కఠినం చేశారు. అయినను కాపలాతోనే అడవి నిలుస్తుందనుకొనుట పొరపాటు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పులలో 20 మంది మరణించారు. వారు తమిళనాడు నుండి వచ్చినవారు; కలపతో కోట్లు గడించిన వారు కారు.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2018లో ఈ వృక్షానికి ముప్పు కొంత తగ్గినట్లు వర్గీకరించి, 2021లో తిరిగి ‘అంతరించు ప్రమాదమున్న’ జాబితాలోనే చేర్చింది. మరొక వంక, రైతుల తోటల పెంపకం విస్తరించడంతో, 2004 నుండి ‘సైటిస్’ కొనసాగించిన ప్రత్యేక పరిశీలన 2023 నవంబరులో తొలగింది. మా దృష్టిలో ఈ తోటలే మేలైన మార్గం. పొలంలో పెరిగిన చేవ ధారాళంగా దొరికిననాడు అడవి చెట్టుపై గొడ్డలి పడవలసిన అవసరం తగ్గుతుంది.

కావున పాఠకులు చెక్క కొనేటప్పుడు రశీదు ఇచ్చే నమ్మకమైన మందుల దుకాణాన్నే ఆశ్రయించాలి. చెమటకాయలకైతే వట్టివేళ్ల పొడిని నీటితో కలిపి రాసుకొనవచ్చును. రక్తచందనాన్ని లోనికి పుచ్చుకొనుట వైద్యుని సలహా లేనిదే తగదు. చిట్యాల ప్రాంతపు ఎర్రనేలల రైతులు గట్లపై ఈ మొక్కలు నాటదలచినచో, నాటిన వెంటనే వివరాలు అటవీశాఖ వద్ద నమోదు చేయించుకొనుట మంచిది. నరుకుటకు, తరలించుటకు అనుమతి అడిగే నాటికి ఆ కాగితమే ఆధారమగును.