ఎర్రమట్టిలోనూ ఇనుము అందని నూరువరహాలు

నర్సరీ నుంచి తెచ్చిన రోజు నూరువరహాల మొక్క ముదురాకుపచ్చగా నిగనిగలాడుతుంది. కొన్ని నెలలు తిరిగేసరికి చిగుళ్లు పసుపెక్కుతాయి, పూలగుత్తులు చిన్నబోతాయి. బలం చాల్లేదనుకుని ఇంటివాళ్లు గుప్పెడు యూరియా వేస్తారు. మొక్క ఇంకాస్త పాలిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల ఇళ్ల ముందు ఈ తంతు తరచూ కనిపిస్తుంది. లోపం ఎక్కడుందో తెలిస్తే దిద్దుకోవడం కష్టమేమీ కాదు.

చల్లని దేశాల తోటల్లో వైబర్నం, హైడ్రాంజియా పొదలు గుత్తులుగా పూస్తాయి. మన కోస్తా ఎండకు అవి నిలవవు. ఆ ముచ్చట ఇక్కడ తీర్చేది నూరువరహాలే. శాస్త్రవేత్తలు దీన్ని ఇక్సోరా కాక్సీనియా అంటారు. దక్షిణ భారతం, శ్రీలంక దీని పుట్టిల్లు. కాఫీ కుటుంబంలోదే కాబట్టి అరకు కాఫీ మొక్కకు చుట్టం. సన్నని గొట్టం చివర నాలుగు రేకులు, అలాంటి పూలు పదుల కొద్దీ కలిస్తే ఒక గుత్తి. ఎరుపు, నారింజ, పసుపు, గులాబీ, తెలుపు రంగుల్లో దొరుకుతుంది. పెద్ద రకం మనిషెత్తు దాటుతుంది. పొట్టి రకం రెండు మూడు అడుగుల్లో ఆగుతుంది, కుండీకి అదే మేలు.

ఇక పసుపు సంగతి. ముందు ఆకును చదవాలి. కింది ముదురు ఆకులు మొత్తంగా పసుపెక్కితే సాధారణంగా నత్రజని లోపం. పై లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం పసుపెక్కితే ఇనుము లోపం. పాత ఆకులో చేరిన ఇనుము కొత్త ఆకుకు కదలదు. అందుకే కొరత ముందుగా చిగురులో బయటపడుతుంది. వేరుశనగ వేసే రైతులకు ఈ లక్షణం కొత్తది కాదు. నూరువరహాలకు ఎక్కువగా వచ్చేది ఈ రెండో లోపమే. అప్పుడు యూరియా వేస్తే ఆకు పెరుగుతుంది కానీ ఇనుము పెరగదు.

మన ఎర్రమట్టికి ఆ రంగు ఇనుము వల్లే వచ్చింది. మరి అందులో పెరిగే మొక్కకు ఇనుము ఎందుకు అందదు? మట్టిలో సున్నం పెరిగితే ఇనుము నీటిలో కరగదు, కరగనిది వేరు పీల్చుకోలేదు. నూరువరహాలకు కొంచెం ఆమ్లగుణం ఉన్న నేల కావాలి. మనమేమో దాన్ని ప్రహరీగోడ వారనే నాటుతాం. అక్కడ ఇల్లు కట్టినప్పుడు రాలిన సిమెంటు, ప్లాస్టరు పెళ్లలు ఉంటాయి. తీరం పక్క ఊళ్ల ఇసుకలో గవ్వల ముక్కలు కలుస్తాయి. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంటే, ఆ సున్నమే రోజూ మొక్క మొదట్లోకీ చేరుతోందన్నమాట. అనుమానముంటే పొడిమట్టి మీద కాస్త వెనిగర్ పోసి చూడండి. బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టే.

తక్షణ ఉపశమనానికి వేరుశనగ రైతుల మందే పనికొస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేయాలి. వారం ఎడంతో రెండు మూడు సార్లు చాలు. టైల్స్ మీద పడితే తుప్పు మరక పోదు, జాగ్రత్త.

ఇది పైపూత మాత్రమే. అసలు వైద్యం నేలకు చేయాలి. మొక్కను గోడకు కనీసం రెండడుగుల ఎడంగా నాటండి. గుంతలో పెళ్లలు ఏరేసి, ఎర్రమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, ఆకుల ఎరువు కలపండి. మొదట్లో కొబ్బరి పీచో, ఎండుటాకులో పరిస్తే వేసవిలో తేమ ఆరిపోదు. వాన నీళ్లు పట్టి పోయడం అన్నిటికన్నా మేలు.

పూలు కొమ్మ చివరే పూస్తాయి కనుక కత్తిరింపులో మెలకువ కావాలి. గుత్తి వాడాక దాని కింద రెండాకుల వరకు తుంచితే అక్కడ కొత్త రెమ్మలు వస్తాయి, రెమ్మకో గుత్తి. కంచెలా చదునుగా ఉండాలని పదే పదే కత్తెర వేస్తే మొగ్గలే పోతాయి. రోజుకు నాలుగైదు గంటల ఎండ తగలకపోతే ఎంత సేవ చేసినా ఆకులే మిగులుతాయి. కొత్త మొక్క కావాలంటే వానాకాలంలో జానెడు కొమ్మ గుచ్చి నీడన ఉంచండి.

ఆకులు నల్లగా మసిబారితే పిండినల్లి, పేనుబంక, పొలుసు పురుగుల్లో ఏదో చేరిందని గుర్తు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి ఆకుల అడుగున కొట్టాలి.

తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటినట్టే, మన వైపు పెద్ద గాలులు అప్పుడప్పుడూ వస్తుంటాయి. తుపాను వెలిశాక ఆకుల మీది ఉప్పును మంచినీళ్లతో కడిగి, విరిగిన కొమ్మలు తీసేస్తే పొద మళ్లీ కోలుకుంటుంది.

ఇంకా సందేహముంటే ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగవచ్చు. ఎరువు సంచి విప్పే ముందు మాత్రం ఆకును ఒకసారి పరీక్షగా చూడండి.