పాత చర్చికి ఒక్క ఫోటో

మీ ఊళ్ళో పాత చర్చి ఉందా? అయితే తీరిక చేసుకుని వెళ్ళి దానికో ఫోటో తీసి పెట్టుకోండి. ఎందుకంటారా?

మా పుట్టింటి ఊళ్ళో పెంకులతో చిన్న చర్చి ఉండేది. సున్నం గోడలు, గుమ్మం పక్కన గంట. వానకి కారుతోందని దాన్ని తీసేసి స్లాబు వేసి కొత్తది కట్టారు. తప్పని నేననను, తడుస్తూ ఎన్నాళ్ళని కూర్చుంటారు? కానీ పాతదాని ఫోటో ఒక్కరింట్లోనూ లేదు! మా అమ్మ పెళ్ళి ఫోటోలో వెనకాల ఓ తలుపు రెక్క కనిపిస్తుంది, అంతే.

అప్పట్నుంచీ ఎక్కడ పాత చర్చి కనబడినా ఆగుతున్నాను. అలాగే మెదక్ కూడా వెళ్ళాం. కరువు రోజుల్లో జనానికి పని చూపించి, తిండి పెడుతూ చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ పదేళ్ళు కట్టించిన చర్చి అది. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. గోపురం సుమారు 175 అడుగులు.

అక్కడి రంగుటద్దాల కిటికీలు చూసి తీరాలి. పడమట యేసు జననం, తూర్పున సిలువ, బలిపీఠం వెనక ఆరోహణం. బయట ఎండ ఉంటేనే ఆ రంగులు వెలుగుతాయి. సంగతి తెలియక మేం చీకటిపడే వేళకి వెళ్ళాం. లోపల దీపాలున్నా బొమ్మలు కనిపించలేదు! మర్నాడు మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. తూర్పు కిటికీని ఉదయం, పడమటిదాన్ని మధ్యాహ్నం దాటాక చూడండి.

ఫోటో తీసేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి:

* ముందుగా ఫాదర్‌నో, పాస్టరుగారినో అడగండి. వద్దంటే బయటినుంచే తీసుకోండి. ఆరాధన జరిగేటప్పుడు అసలు తీయొద్దు.

* ఫ్లాష్ వేయొద్దు. ఫోన్ తెరమీద కిటికీ బొమ్మని వేలితో తాకితే రంగులు తేటగా వస్తాయి.

* చర్చి మొత్తం వచ్చేలా ఒకటి తీశాక, శంకుస్థాపన రాయి, గంట, తలుపులు, సమాధుల మీది రాతలు విడిగా తీయండి. వానకీ ఎండకీ అక్షరాలు అరిగిపోతాయి.

* ఊరి పెద్దవాళ్ళని కదిపితే ఎన్నో కబుర్లు చెబుతారు. అవీ రాసుకోండి.

* నచ్చినవి ప్రింటు వేయించి, వెనకాల ఊరు, తేదీ రాయండి. ఫోన్ పాడైతే అన్నీ పోతాయి.

రేపు కొత్తది కట్టుకున్నా, పాతది ఎలా ఉండేదో మీ పిల్లలకి చూపించొచ్చు. మాలాగా తలుపు రెక్కతో సరిపెట్టుకోనక్కర్లేదు!